ఆయిల్ సముద్రంలో కలిస్తే తప్పు ఎవరి ఖాతాలో?

ప్రశ్న: 2010లో అమెరికాలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి ఆయిల్ అంతా సముద్రంలో కలిసింది కదా. అందరూ బ్రిటిష్ ఆయిల్ కంపెనీ బీపీనే తిట్టారు. కానీ రిగ్గు వేరేవాళ్ళది, సిమెంటు వేసింది ఇంకొకరు, పర్మిషన్ ఇచ్చింది ప్రభుత్వం, పెట్రోలు వాడేది మనం. మరి చట్టం ప్రకారం, న్యాయం ప్రకారం అసలు తప్పెవరిది?

సమాధానం:

ముందు నా లెక్క చెప్పేసి, ఎందుకో తర్వాత చెబుతాను. చట్టం సంగతి కోర్టు తేల్చేసింది. 2014 సెప్టెంబరులో న్యూ ఆర్లీన్స్ జడ్జి కార్ల్ బార్బియే బీపీకి 67 శాతం, రిగ్గు యజమాని ట్రాన్స్‌ఓషన్‌కి 30, సిమెంటు వేసిన హాలిబర్టన్‌కి 3 శాతం తప్పు కట్టారు. నష్టపరిహారం వసూలు చేయడానికి ఆ లెక్క పనికొస్తుంది. న్యాయం అడిగితే మాత్రం ఈ శాతాలు నాకు మింగుడు పడవు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు తప్పుని పంచితే ఒకడి వాటా పెరిగినప్పుడల్లా ఇంకొకడిది తగ్గుతుంది. ఆ రాత్రి ఆపగలిగి కూడా ఆపనివాళ్ళు చాలామంది, వాళ్ళలో ఎవరి తప్పూ ఇంకొకరి తప్పుని తగ్గించదు. అందరిలో పెద్ద తప్పు ఎవరిదంటే, ఆపాలంటేనే జంకే పరిస్థితి తెచ్చినవాళ్ళది. నేను ఆఫ్‌షోర్‌లో సిమెంటింగ్ వైపు పనిచేసినవాడిని, మన కేజీ బేసిన్‌లోనూ, బయట దేశాల్లోనూ. అందుకే కొంచెం లోపలి సంగతులతో, పెద్దగానే రాస్తున్నాను.

ముందు ఎవరు ఎవరో చూద్దాం. బావి పేరు మకాండో. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో (మనవాళ్ళు పనికి వెళ్ళే గల్ఫ్ కాదు) లూసియానా తీరానికి 66 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 1,500 మీటర్ల నీళ్ళ అడుగున ఉంది. అందులో బీపీకి 65 శాతం, అనాడార్కోకి 25, జపాన్ మిత్సుయి గ్రూపు కంపెనీకి 10 శాతం వాటా. ఆపరేటర్ బీపీ. అంటే బావి డిజైను, ప్లాను, ఏ పని ఎప్పుడు చెయ్యాలన్నది దాని మాటే. రిగ్గు, దాన్ని నడిపే మనుషులు ట్రాన్స్‌ఓషన్‌వాళ్ళు. ఆ రాత్రి రిగ్గు మీద 126 మంది ఉంటే బీపీ సొంత మనుషులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ళలో ఇద్దరు 'కంపెనీ మ్యాన్'లు, అంటే బావి దగ్గర బీపీ తరఫున చివరి మాట చెప్పేవాళ్ళు. రిగ్గు అద్దె, మిగతా సర్వీసులు కలిపి ఖర్చు రోజుకి పది లక్షల డాలర్ల దాకా. అప్పటికే బావి దాదాపు ఆరు వారాలు లేటు, బడ్జెట్ కంటే 5.8 కోట్ల డాలర్లు ఎక్కువ అయింది. ఈ రెండు అంకెలూ పక్కన రాసిపెట్టుకోండి. తర్వాత జరిగిన ప్రతి నిర్ణయం వెనకా ఇవి ఉన్నాయి.

ఇక 2010 ఏప్రిల్ 20 సాయంత్రం. తవ్వకం అయిపోయింది, అడుగున సిమెంటు వేశారు. బావిని తాత్కాలికంగా మూసేసి రిగ్గుని ఇంకో చోటికి తీసుకెళ్ళాలి. ఆ ముందు 'నెగటివ్ ప్రెషర్ టెస్ట్' చేస్తారు. బావి నిండా బరువైన మడ్ (తవ్వేటప్పుడు నింపే బురద లాంటి ద్రవం) ఉంటుంది. దాని బరువే కింది గ్యాస్‌నీ ఆయిల్‌నీ పైకి రాకుండా తొక్కిపెడుతుంది. ఆ బరువు కొంత తీసేసి, ప్రెషర్ సున్నాకి దించి, లైను మూసి చూస్తారు. సిమెంటు గట్టిగా పట్టి ఉంటే గేజి సున్నా దగ్గర కదలకుండా ఉంటుంది. లేచిందంటే కింది నుంచి ఏదో వస్తోందని. ఆ టెస్టులో అంతకు మించి తిరకాసేమీ లేదు.

ఆ సాయంత్రం డ్రిల్ పైప్ (రిగ్గు నుంచి బావిలోకి దించిన గొట్టం) మీద ప్రెషర్ దించిన ప్రతిసారీ మళ్ళీ లేచింది. చివరికి 1,400 పీఎస్ఐ దగ్గర నిలబడింది. అప్పుడు కిల్ లైన్ (బావిలోకే వెళ్ళే ఇంకో సన్నటి గొట్టం) మీద చూద్దామన్నారు. అక్కడ అరగంట చూస్తే సున్నా. ఆ రెండు లైన్లూ వెళ్ళేది ఒకే బావిలోకి. ఒకదాని మీద 1,400, ఇంకోదాని మీద సున్నా ఉండకూడదు. ఉందంటే ఒక లైను పూడుకుపోయిందనో, వాల్వు తప్పు పొజిషన్‌లో ఉందనో అనుమానించాలి. కారణం తేలేదాకా మళ్ళీ టెస్టు చెయ్యాలి. వాళ్ళు మాత్రం పైనున్న మడ్ బరువే డ్రిల్ పైప్‌లో ప్రెషర్ లేపుతోందని, దానికి 'బ్లాడర్ ఎఫెక్ట్' అని ఒక పేరు చెప్పుకుని, సున్నా వచ్చిన లైన్‌నే నమ్మి, టెస్టు పాసైందనుకున్నారు. తర్వాత ప్రెసిడెంట్ ఒబామా వేసిన కమిషన్ సంప్రదించిన నిపుణుల్లో ఆ వివరణని ఒప్పుకున్నవాళ్ళు లేరు.

అంతటితో ఆగి ఉంటే, రిగ్గు మీదవాళ్ళు పొరబడ్డారని అనుకోవచ్చు. 8 గంటల 52 నిమిషాలకి కంపెనీ మ్యాన్ హ్యూస్టన్ ఆఫీసులో ఉన్న బీపీ ఇంజినీరుతో ఫోన్లో మాట్లాడాడు. డ్రిల్ పైప్ మీద 1,400, కిల్ లైన్ మీద సున్నా అన్న సంగతి చెప్పాడు. టెస్టు సరిగ్గా చేస్తే అలా రాదని ఇంజినీరుకి తెలుసు, ఆ మాట అన్నాడు కూడా. కానీ ఇద్దరిలో ఎవరూ పని ఆపమనలేదు. పంపులు నడుస్తూనే ఉన్నాయి, మడ్ తీసేసి సముద్రపు నీరు ఎక్కిస్తూనే ఉన్నారు. అంటే బావిని తొక్కిపెట్టిన బరువుని నిమిష నిమిషానికీ తగ్గిస్తున్నారు. గంట తిరక్కుండా, 9 గంటల 49 నిమిషాలకి రిగ్గు పేలింది. 11 మంది పోయారు, ఒక్కరి శవమూ దొరకలేదు. రెండు రోజులకి రిగ్గు మునిగింది. బావి 87 రోజులు కక్కుతూనే ఉంది. జడ్జి బీపీది మామూలు నిర్లక్ష్యం కాదు, ఘోర నిర్లక్ష్యం అని రాయడానికి ఆ ఫోన్ కాల్ ఒక ముఖ్య కారణం.

ఇక్కడ ఒక లోపలి సంగతి. ఆఫ్‌షోర్‌లో ప్రతి ఒక్కరికీ 'స్టాప్ వర్క్ అథారిటీ' ఉంటుంది. వంటవాడి దగ్గర నుంచి మేనేజర్ దాకా ఎవరికి డేంజర్ అనిపించినా పని ఆపించొచ్చు, ఎవరూ ఏమీ అనరు అని కార్డు మీద అచ్చేసి ఇస్తారు. గొలుసు తెగేలా ఉందని క్రేన్ ఆపితే నిజంగానే ఎవరూ ఏమీ అనరు, భుజం తట్టి ప్రైజు కూడా ఇస్తారు. ఆరు వారాలు లేటైన బావి మీద, 'టెస్టు మళ్ళీ చెయ్యాలి, అవసరమైతే సిమెంటు మళ్ళీ వెయ్యాలి' అని ఆపడం వేరు. అలా అన్నవాడికి తర్వాత బావిలో పిలుపు రాకపోవచ్చు. ఈ టెన్షన్ తెలియని రిగ్గు మనిషి ఉండడు.

సిమెంటు నా ఫీల్డు కాబట్టి దాని గురించి నిర్మొహమాటంగా చెబుతాను. హాలిబర్టన్‌కి 3 శాతం చాలా తక్కువ. ఆ బావిలో వేసింది నైట్రోజన్ కలిపిన నురుగు సిమెంటు. వేయడానికి ముందే ఆ మిశ్రమం నిలకడగా లేదని వాళ్ళ ల్యాబ్ టెస్టుల్లో ఒకటి కంటే ఎక్కువసార్లు కనిపించింది. ఆపరేటర్‌కి ఫోన్ చేసి 'ఈ స్లర్రీ (సిమెంటు మిశ్రమం) వద్దు' అని గట్టిగా చెప్పాల్సింది వాళ్ళే. చెప్పలేదు. అయితే బీపీ తక్కువ తినలేదు. కేసింగ్ (బావిలో దించే ఉక్కు గొట్టం) బావి మధ్యలో ఉండేలా సెంట్రలైజర్లు 21 పెట్టమని హాలిబర్టన్ లెక్క చెబితే, బీపీ 6తో సరిపెట్టింది. ఇంకో 15 రిగ్గు మీదికి వచ్చాయి కూడా, తప్పు రకమని పక్కన పడేశారు. సిమెంటు పట్టిందో లేదో చూసే లాగ్ (పరికరాలతో తీసే రికార్డు) తీయడానికి వచ్చిన ష్లంబర్జర్ అనే సర్వీసు కంపెనీ టీమ్‌ని అదే రోజు పొద్దున, పని చేయించకుండానే, హెలికాప్టర్ ఎక్కించి పంపేశారు. ఆ లాగ్‌కి అయ్యే ఖర్చు లక్షా 28 వేల డాలర్లు. ఆ సిమెంటు మీద అంత నమ్మకం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రమాదం తర్వాత హాలిబర్టన్ 6, 21 సెంట్రలైజర్లతో కంప్యూటర్ మోడల్స్ వేసి చూసింది, ఆ ఫలితాలని చెరిపేశారు. సాక్ష్యం నాశనం చేసినందుకు 2013లో కోర్టులో నేరం ఒప్పుకుంది. జరిమానా 2 లక్షల డాలర్లు. చట్టంలో గరిష్ఠం అంతే మరి.

ట్రాన్స్‌ఓషన్ సంగతి: అంతకు నాలుగు నెలల ముందే, 2009 డిసెంబరులో, ఉత్తర సముద్రంలో వాళ్ళ ఇంకో రిగ్గు మీద దాదాపు ఇలాగే జరిగి త్రుటిలో తప్పింది. అక్కడా నెగటివ్ టెస్ట్ అయిపోయిందనుకున్నారు, అక్కడా మడ్ తీసి నీళ్ళు ఎక్కిస్తున్నారు. దాని మీద ప్రెజెంటేషన్ కూడా తయారుచేశారు. అది మకాండో మీద పనిచేస్తున్న వాళ్ళకి చేరలేదు. పోయిన 11 మందిలో 9 మంది ట్రాన్స్‌ఓషన్ వాళ్ళే. రిగ్గు జనరల్ అలారంని, రాత్రి పూట ఊరికే మోగి నిద్ర చెడగొడుతోందని, ఆటోమేటిగ్గా మోగకుండా పెట్టారని అందులో పనిచేసిన టెక్నీషియనే విచారణలో చెప్పాడు. సముద్రం అడుగున పైపుని కత్తిరించి బావిని మూయాల్సిన బీఓపీలో (బ్లోఅవుట్ ప్రివెంటర్) ఒక కంట్రోల్ బ్యాటరీ డిశ్చార్జి అయి ఉంది, ఇంకోదాంట్లో వైరింగు తప్పు. ఇంత జరిగిన ఏడాదికి, భద్రత విషయంలో తమ చరిత్రలోనే బెస్ట్ ఇయర్ అని ఆ కంపెనీ పెద్దలకి బోనస్‌లు ఇచ్చింది. ఎందుకంటే వాళ్ళు కొలిచే లెక్కలో చిన్న ప్రమాదాల సంఖ్య తగ్గింది.

ఈ కొలతల దగ్గరే నాకు అసలు కోపం. పేలిన రోజు బీపీ, ట్రాన్స్‌ఓషన్ నుంచి పెద్ద మేనేజర్లు రిగ్గు మీదే ఉన్నారు. ఏడేళ్ళుగా ఒక్కరికీ పని మానేంత దెబ్బ తగల్లేదని సిబ్బందిని మెచ్చుకోవడం కూడా వాళ్ళు వచ్చిన పనుల్లో ఒకటి. జారిపడటం, వేలు నలగడం, హెల్మెట్ పెట్టుకోకపోవడం, ఇవి లెక్కపెట్టడం సులువు. బావి అదుపులో ఉందా లేదా అన్నది ఆ లెక్కలో పడదు. ఈ తేడా బీపీకి తెలియనిది కాదు. 2005లో టెక్సాస్ సిటీలో వాళ్ళ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు. దాని మీద అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ప్యానెల్ 2007లో రిపోర్టు ఇస్తూ సరిగ్గా ఈ మాటే చెప్పింది: మనుషులకి తగిలే దెబ్బల లెక్క చూసి ప్లాంటు భద్రంగా ఉందనుకుంటున్నారు, అది తప్పు అని. అంత స్పష్టంగా రాసిచ్చిన మూడేళ్ళకి మకాండో. మొదటిసారి జరిగితే తెలియక అనుకోవచ్చు, రెండోసారికి ఆ మాట చెల్లదు. అందుకే బీపీ పై స్థాయికి నేను వేసే తప్పు రిగ్గు మీద గేజి తప్పు చదివినవాడికి వేసేదాని కంటే చాలా ఎక్కువ.

చట్టం చేసింది దీనికి తలకిందులు. కంపెనీ మ్యాన్‌లు ఇద్దరి మీదా 11 మంది చావుకి క్రిమినల్ కేసులు పెట్టారు. అందులో ఒక చట్టం 19వ శతాబ్దపు ఆవిరి పడవల కాలం నాటిది. ఓడ నడిపేవాళ్ళకి పెట్టిన చట్టం బావి చూసుకునేవాళ్ళకి వర్తించదని కోర్టు కొట్టేసింది. మిగతా చావు కేసుల్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. చివరికి ఒకరు చిన్న కాలుష్య నేరం ఒప్పుకుని 10 నెలల ప్రొబేషన్‌తో బయటపడ్డాడు, ఇంకొకరిని 2016లో జ్యూరీ నిర్దోషి అంది. ఒక్కరూ జైలుకి వెళ్ళలేదు. తమాషా ఏంటంటే, కంపెనీగా బీపీ అంతకుముందే, 2012 నవంబరులో, అదే చట్టం కింద అదే 11 చావులకి నేరం ఒప్పుకుని 400 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. నేరం జరిగిందని కంపెనీ అంటుంది, నేరం చేసిన మనిషి మాత్రం ఎక్కడా లేడు.

ఇక డబ్బు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ట్యాంకర్ ప్రమాదం తర్వాత అమెరికా 1990లో ఆయిల్ పొల్యూషన్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం ముందు 'బాధ్యత గల పార్టీ' కట్టాలి. తప్పు ఎవరిదన్నది తర్వాత. చేపలవాడు హాలిబర్టన్ స్లర్రీ గురించి రుజువు చెయ్యక్కర్లేదు. ఇది మంచి పద్ధతే. ఇందులోనే ఒక కిటుకు ఉంది: శుభ్రం చేసే ఖర్చు కాక, నష్టపరిహారానికి అప్పట్లో పరిమితి 7.5 కోట్ల డాలర్లు. ఘోర నిర్లక్ష్యం గానీ, రూల్స్ ఉల్లంఘన గానీ రుజువైతే ఆ పరిమితి పోతుంది. ఒబామా ప్రభుత్వం ఒత్తిడి, జనం కోపం చూసి బీపీ ఆ పరిమితిని తనంత తానే వదులుకుని 2,000 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిన్న కంపెనీ అయితే దివాలా పిటిషన్ పెట్టి చేతులు దులుపుకునేది. ట్రాన్స్‌ఓషన్ అయితే 1851 నాటి ఓడల చట్టం చూపించి తన బాధ్యత 2.7 కోట్ల డాలర్ల లోపే అని కోర్టుకెక్కింది. జడ్జి ఒప్పుకోలేదనుకోండి.

67-30-3 శాతాల్ని చూసి 30 శాతం డబ్బు ట్రాన్స్‌ఓషన్ కట్టిందనుకోకండి. డ్రిల్లింగ్ కాంట్రాక్టుల్లో ఎవరి మనుషుల, ఎవరి సామాను నష్టం వాళ్ళదే, బావిలోంచి వచ్చే కాలుష్యం మాత్రం ఆపరేటర్‌దే అని ముందే రాసుకుంటారు. ఇదీ అంతే. మామూలు నష్టపరిహారం వరకు ఆ ఒప్పందం చెల్లుతుందని, ప్రభుత్వ జరిమానాలకి చెల్లదని కోర్టు అంది. నాకు ఈ పద్ధతి అంటే గుర్రు. రిగ్గువాళ్ళకి బావి పోతే పోయేది తక్కువ అయినప్పుడు జాగ్రత్త కూడా ఆ మేరకే ఉంటుంది.

జరిమానా బ్యారెల్ లెక్కన. అప్పట్లో మామూలుగా బ్యారెల్‌కి 1,100 డాలర్లు, ఘోర నిర్లక్ష్యమైతే 4,300 దాకా. అందుకే ఎన్ని బ్యారెళ్ళు పోయాయన్న దాని మీద ఏళ్ళ తరబడి కొట్లాట. బావిలోంచి 49 లక్షల బ్యారెళ్ళు వచ్చాయని ప్రభుత్వ అంచనా. సముద్రంలో కలిసింది 31.9 లక్షలు అని జడ్జి తేల్చారు. చివరికి 2016లో ప్రభుత్వంతో 2,080 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది, అందులో ఈ జరిమానా 550 కోట్లు. బీపీకి మొత్తం ఖర్చు 6,500 కోట్ల డాలర్లు దాటింది. అయినా కంపెనీ మునగలేదు.

ప్రభుత్వం తప్పు? ఉంది, బాగానే ఉంది. పర్మిషన్లు ఇచ్చిన మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ అనే సంస్థకి రెండు పనులు: ఆయిల్ మీద రాయల్టీ వసూలు చెయ్యడం, రిగ్గుల భద్రత చూడటం. మొదటిదాంట్లో వేల కోట్లు, రెండోదాంట్లో అందరితో తగాదాలు. ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. నెగటివ్ టెస్ట్ ఎలా చెయ్యాలన్న రూలే అప్పటికి లేదు. బీపీ ఇచ్చిన గల్ఫ్ ఆయిల్ లీక్ ప్లానులో వాల్రస్‌లని కాపాడటం గురించి ఉంది, ఆ సముద్రంలో వాల్రస్‌లు ఉండవు. సంప్రదించాల్సిన నిపుణుల లిస్టులో ఎప్పుడో చనిపోయిన ప్రొఫెసర్ పేరు ఉంది. ఆ ప్లానుకి ఆమోదముద్ర వేశారు. ప్రమాదం తర్వాత ఆ సంస్థని ముక్కలు చేసి డబ్బుని, భద్రతని విడదీశారు.

పెట్రోలు వాడే మనం? ఈ వాదన కంపెనీలకి చాలా ఇష్టం, ఎందుకంటే అందరిదీ తప్పైతే ఎవరిదీ కాదు. బండిలో పెట్రోలు పోయించుకున్నవాడు సెంట్రలైజర్లు ఆరు చాలని చెప్పలేదు. ఆయిల్ మీద ఆధారపడటం మానాలా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఇందులో కలపకండి.

మనకి సంబంధం లేని గోల అనుకోకండి. మకాండో జరిగిన ఏడాది తిరక్కముందే, 2011లో, బీపీ కాకినాడ తీరంలోని రిలయన్స్ కేజీ-డీ6లో 30 శాతం వాటా కొనే ఒప్పందం చేసుకుంది, ఇప్పటికీ భాగస్వామి. ట్రాన్స్‌ఓషన్ డ్రిల్‌షిప్పులు కూడా ఆ బేసిన్‌లో తవ్వాయి. మన చట్టం మాట వరకు అమెరికా కంటే గట్టిది. శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాస్ లీక్ కేసులో, భోపాల్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న 1986లో, సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రం చెప్పింది: ప్రమాదకరమైన పని చేసే సంస్థ ఏ సాకూ చెప్పడానికి లేదు, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. 2010 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టంలో కూడా తప్పు రుజువు చెయ్యక్కర్లేకుండానే పరిహారం వేసే వీలుంది. 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీక్ అయిన మర్నాడే ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. కానీ ఆఫ్‌షోర్ భద్రత చూసే ఓఐఎస్‌డీ (ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్) ఉన్నది పెట్రోలియం శాఖ కిందే, ఉత్పత్తి పెంచమని వెంటపడేదీ ఆ శాఖే. అమెరికా 2010 తర్వాత విడదీసింది ఇలాంటిదాన్నే.

చట్టం ఉన్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. 2009లో ఆస్ట్రేలియా దగ్గర మొంటారా బావి లీకై ఇండోనేసియా నాచు రైతుల పంట పోయింది. 15 వేల మందికి పైగా ఉన్న ఆ కేసు 19.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకి సెటిలయ్యేసరికి 2022 వచ్చింది. లూసియానాలో కూడా సొంత బోటు, ట్యాక్స్ రిటర్నులు ఉన్నవాళ్ళకి పరిహారం త్వరగా వచ్చింది. కూలికి బోటెక్కి నగదు తీసుకునేవాళ్ళు, ఇంట్లో తినడానికి చేపలు పట్టుకునేవాళ్ళు నష్టం రుజువు చెయ్యలేక నానా తంటాలు పడ్డారు. మీవాళ్ళెవరైనా ఉప్పాడ, భైరవపాలెం వైపు వేటకి వెళ్తుంటే బోటు రిజిస్ట్రేషన్, డీజిల్ బిల్లులు, ఐస్ బిల్లులు, ఏ రోజు ఎంత సరుకు ఏ రేటుకి అమ్మారో ఆ చీటీలు దాచిపెట్టమనండి. బోటు మీద పనికి వెళ్ళేవాళ్ళయితే ఓనరు చేత వాటా లెక్క ఒక పుస్తకంలో రాయించి సంతకం పెట్టించుకోమనండి.